జూ పార్కు యాత్రలో మా పిల్లలకు జరిగిన నష్టంపై ఫిర్యాదు

హైదరాబాద్

యాత్రల విభాగం మేనేజరు గారికి,

విషయం: నవంబరు రెండో శనివారం మీరు నిర్వహించిన పాతబస్తీ, జూ పార్కు ఒక్కరోజు పిల్లల యాత్రలో లోపాలు, డబ్బు వాపసు, కార్యక్రమంలో మార్పు కోరుతూ.

నమస్కారం.

మల్కాజిగిరిలో మా కాలనీవాసులం కలిసి నడుపుకుంటున్న పిల్లల గ్రంథాలయం తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మనిషికి 1,100 రూపాయల చొప్పున ముందుగానే చెల్లించి, ముప్పై మందికి పైగా పిల్లలతో, కొందరు పెద్దలతో మీ యాత్రకు వచ్చాం. బస్సు చెప్పిన వేళకు వచ్చింది. డ్రైవరు పిల్లలున్నారన్న ఎరుకతో నెమ్మదిగా నడిపాడు. చౌమహల్లా ప్యాలెస్ దగ్గరా, సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఏ ఇబ్బందీ కలగలేదు. నా ఫిర్యాదంతా జూ పార్కును చూపిస్తామని డబ్బు తీసుకుని మీరు వేసిన ప్రణాళిక గురించి, అక్కడ మీ గైడు ప్రవర్తించిన తీరు గురించి.

ఈ యాత్ర మా పిల్లలకు సెలవురోజు షికారు కాదని మీకు మొదటే చెప్పాను. దసరా సెలవుల నుంచి వాళ్లు దీనికి సిద్ధమవుతూ వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కో జంతువును ఎంచుకుని, దాని గురించి దొరికినదల్లా చదివి, జూలో దాన్ని చూస్తూ ఏమేం గమనించాలో నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి మూషిక జింకను ఎంచుకుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, జూ సిబ్బంది కలిసి 2010లో ఆ చిన్న జింకల సంతతిని పెంచే పని మొదలుపెట్టారనీ, అలా పుట్టినవాటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలోకి వదిలారనీ తెలుసుకుని, వాటి గురించి అడగడానికి ప్రశ్నలు కూడా సిద్ధం చేసుకుంది. ఇవన్నీ వివరిస్తూ మీకు ఈమెయిల్ పంపాను. రోజు జూతోనే మొదలవ్వాలని, ఉదయం ఎనిమిదిన్నరకు గేటు తెరిచేసరికి మేము అక్కడ ఉండాలని అందులో స్పష్టంగా రాశాను. అలాగే చేస్తామని మీ కార్యాలయం జవాబిచ్చింది. ఆ జవాబు ప్రతిని ఈ లేఖకు జతచేశాను.

అంతకుముందు మీరు సూచించిన తేదీ సోమవారం. జూకు వారాంతపు రద్దీ ఉండదని దాన్ని ఎంచుకున్నామన్నారు. సోమవారం జూకు సెలవని నేను చెప్పేదాకా మీ కార్యాలయంలో ఎవరికీ తోచలేదు. కనీసం వారానికి ఒక్కరోజు జూను సందర్శకులకు మూసి ఉంచాలని జూల గుర్తింపు నిబంధనల్లోనే ఉంది. నగరంలో యాత్రలు నడిపే సంస్థకు మొట్టమొదట తెలియవలసిన విషయమిది. అప్పుడే నాకు సందేహం కలిగింది. అయినా మీ కార్యాలయంవారు క్షమించమని అడిగి తేదీ మార్చడంతో మీ మాటను నమ్మాం.

యాత్రరోజు ఉదయం బస్సెక్కాక గైడు చేతిలోని కాగితంలో వరుస తారుమారై ఉంది. ముందు చౌమహల్లా, తరువాత మ్యూజియం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు జూ, చివరికి చార్మినార్. ఎందుకు మారిందని అడిగితే, పై నుంచి ఇలాగే ఇచ్చారని అతను చెప్పాడు. కార్యాలయానికి ఫోను చేస్తే, ఇంకో బృందానికీ అదే గైడును సర్దవలసి వచ్చిందన్నారు. ప్యాలెసూ మ్యూజియమూ పదింటికి గానీ తెరవరు. జూ ఎనిమిదిన్నరకే తెరుస్తారు. మా పిల్లలు తొమ్మిదిన్నర నుంచి ప్యాలెస్ గేటు బయట రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూశారు. ఆ సమయమంతా వాళ్లు జూలో ఉండవలసినవాళ్లు.

ఒంటిగంటకు జూకు వెళ్లడమంటే ఏమిటో మీ ప్రణాళిక రాసినవారు ఒక్కసారి అక్కడ నడిచి చూడాలి. నెహ్రూ జూ పార్కు విస్తీర్ణం 380 ఎకరాలు. పొద్దున చల్లటి వేళ అక్కడి జంతువులు తిరుగుతాయి, మేస్తాయి, నీళ్ల దగ్గరికి వస్తాయి. పులులూ సింహాలూ మామూలుగానే రోజులో ఎక్కువ భాగం పడుకుంటాయి, నడి మధ్యాహ్నమైతే ఇక చెప్పనక్కరలేదు. ఎలుగుబంటి నీడలో ఒక మూలకు చేరిపోయింది. తెల్లపులి గోడ పక్కన అటు తిరిగి పడుకుంది. దాన్ని ఎంచుకున్న పిల్లవాడు కంచె దగ్గర నిలబడి దాని వీపు గీసుకున్నాడు. అదీ పూర్తికాకముందే గైడు ఈల వేసి పదమన్నాడు. మూషిక జింక కోసం వచ్చిన అమ్మాయికి అడిగే మనిషీ దొరకలేదు, ఆగే సమయమూ దొరకలేదు.

మరునాడు ఫోనులో ఇది చెబితే మీ కార్యాలయంలో ఒకరు, జంతువులు నిద్రపోతే మేమేం చేస్తామండీ అన్నారు. జంతువులు ఎప్పుడు మేలుకుని ఉంటాయో తెలుసుకుని దానికి తగ్గట్టు వేళ నిర్ణయించడమే మీ పని. మేము డబ్బు చెల్లించింది ఆ పనికే. బస్సు మాత్రమే కావాలంటే మల్కాజిగిరిలోనే అద్దెకు దొరికేది.

మీ ప్రకటనలో సఫారీతో సహా అని పెద్ద అక్షరాలతో ఉంది. లోపలికి వెళ్లాక, సఫారీకి టికెట్టు వేరే కొనాలనీ అవి తన దగ్గర లేవనీ, ఉన్నా వరుసలో నిలబడే వ్యవధి లేదనీ గైడు చెప్పాడు. మాతో వచ్చిన ఒక పిల్లవాడి అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ కోసం బ్యాటరీ బండి ఏర్పాటు చేస్తామని మీరు రాసిచ్చారు. అదీ లేదు. ఆవిడ గేటు దగ్గర బల్ల మీద ఒంటరిగా కూర్చుండిపోయారు. మీరు సర్దిన తినుబండారాలన్నీ ప్లాస్టిక్ కవర్లలో ఉండడంతో సిబ్బంది గేటు దగ్గర ఆపారు. వాటిని విప్పి మార్చుకునేసరికి ఉన్న కాస్త సమయంలోంచి మరికొంత పోయింది.

ఇప్పటిదాకా చెప్పినవి డబ్బుతో సరిదిద్దగలిగినవి. ఇక రాయబోయేది అలాంటిది కాదు.

జూలో నిశాచర జంతువుల కోసం ప్రత్యేకమైన భవనం ఉంది. దేశంలో ఇలాంటి ఏర్పాటు తొలినాళ్లలోనే చేసిన జూలలో మనది ఒకటి. రాత్రివేళ లోపల వెలుతురు ఉంచి, పగలు చీకటి చేస్తారు. దానివల్ల దేవాంగ పిల్లి, పునుగుపిల్లి, గబ్బిలాల వంటి ప్రాణులు మనం వెళ్లే వేళకు మేలుకుని కనిపిస్తాయి. మధ్యాహ్నం వెళ్లినా పిల్లలు నిజంగా చూడగలిగేది అదొక్కటే. లోపలికి వెళ్లేముందు వాళ్లందరికీ చెప్పాను. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా నిలబడాలి, మాట్లాడకూడదు. వాళ్లు అలాగే నిలబడ్డారు. అంతమంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. అద్దం వెనుక కొమ్మ మీద ఏదో కదిలింది. అప్పుడే మీ గైడు ఫోను టార్చి వెలిగించి ఆ అద్దం మీదికి తిప్పాడు. అదిగో చూడండి అంటూ అద్దాన్ని వేళ్లతో కొట్టాడు. కొమ్మ మీది ప్రాణి మూలకు ముడుచుకుపోయింది. మసక వెలుతురులో కూడా చూడగలిగేలా ఏర్పడిన పెద్ద కళ్లు వాటివి. అంత దగ్గర నుంచి అంత వెలుగు పడితే వాటికి ఎంత బాధో మాటల్లో చెప్పలేను. ఆపమని నేను అరిచాను. కీపరు పరిగెత్తుకొచ్చి అందరినీ బయటకు పంపించేశాడు. ఆయన చేసింది న్యాయమే. కానీ ఏ తప్పూ చేయని పిల్లలు తల వంచుకుని బయటకు నడవవలసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఒక చిన్నవాడు, మనల్ని మళ్లీ లోపలికి రానిస్తారా అని నన్ను అడిగాడు.

కోతుల దగ్గర అదే గైడు చిప్స్ పొట్లం చింపి పిల్లల చేతుల్లో పోసి, విసరండి, దగ్గరికి వస్తాయి అన్నాడు. పెద్ద పిల్లలు విసరలేదు. ఇద్దరు చిన్నవాళ్లు విసిరారు. జూలో జంతువులను ఏడిపించడం, గోల చేసి బెదరగొట్టడం, వాటికి తిండి పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని సెక్షన్ 38జె ప్రకారం నిషేధం. మీ సంస్థ తరఫున వచ్చిన మనిషి చిన్నపిల్లల చేత చట్టాన్ని ఉల్లంఘింపజేశాడు. చట్టం సంగతి అలా ఉంచండి. 2021 మే నెలలో ఇదే జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు తేలింది. మనుషుల రోగాలు ఆ ప్రాణులకు చేరగలవని నగరమంతా అప్పుడు చూసింది. అటువంటి చోట పిల్లల చేతుల్లోని తిండిని లోపలికి విసిరించడం ఎంత ప్రమాదమో జూకు జనాన్ని తీసుకెళ్లే సంస్థకు ఇంకొకరు చెప్పవలసిన అవసరం రాకూడదు.

మీ కరపత్రం, మీ గైడు ఇద్దరూ ఇది నిజాము కట్టించిన జూ అని పిల్లలకు చెప్పారు. తప్పు. నగరంలోని జూ అంతకుముందు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. ఇప్పటి జూకు 1959లో నాంది పడింది, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరిచారు. ఆసఫ్‌జాహీ నిజాముల కాలం గురించి చెప్పాలనుకుంటే పక్కనే మీర్ ఆలం చెరువు ఉంది. అర్ధచంద్రాకారపు తోరణాలు ఇరవై ఒకటి వరుసగా నిలబెట్టి 19వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ ఆనకట్టను చూడడానికి ఇంజినీర్లు వస్తుంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరం దాహం తీర్చిన చెరువు అది. ఆ పేరైనా మీ కరపత్రంలో లేదు.

గైడు విషయంలో ఒక మాట. అతను చాలా చిన్నవాడు. జూకు రావడం తనకిదే మొదటిసారనీ, తనకెవరూ ఏమీ నేర్పలేదనీ ఆ సాయంత్రం నాతో చెప్పాడు. నేను నమ్ముతున్నాను. ఈ ఫిర్యాదు సాకుగా అతన్ని పనిలోంచి తీసేస్తే అది నాకు సమ్మతం కాదు. ఏమీ నేర్పకుండా పిల్లలను అతని చేతిలో పెట్టిన బాధ్యత మీ కార్యాలయానిది.

సఫారీకి, బ్యాటరీ బండికి మా నుంచి తీసుకున్న మొత్తాన్ని పూర్తిగా వాపసు చేయండి. జూ సందర్శన ఒప్పుకున్న ప్రకారం జరగలేదు కాబట్టి, మిగిలిన రుసుములో జూ వాటాను కూడా ఇవ్వాలి. మీకు ఇష్టమైతే ఆ వాటాకు బదులు ఇంకో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు, జూ ఒక్కదానికే, కనీసం మధ్యాహ్నం దాకా పిల్లలను మీ ఖర్చుతో తీసుకువెళ్లండి. పిల్లల తల్లిదండ్రులు రెండోదాన్నే కోరుకుంటున్నారు. నేనూ అంతే. దీనితోపాటు మీ కార్యక్రమపత్రంలో జూను మధ్యాహ్నం రెండు గంటల మజిలీగా పెట్టడం మానుకోవాలి. జూకు పంపే ప్రతి గైడుకూ అక్కడ పాటించవలసిన నియమాలు ముందుగా నేర్పాలి. కరపత్రంలోని తప్పులు సరిదిద్దాలి. మా తరువాత వచ్చే పిల్లల కోసం ఇవి అడుగుతున్నాను. డబ్బు ఇచ్చేసి వీటిని వదిలేస్తే ఫిర్యాదు తీరినట్లు నేను ఒప్పుకోను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వండి. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాం. ఇస్తామని ప్రకటించిన సేవ ఇవ్వకపోవడం, తప్పుదారి పట్టించే ప్రకటన రెండూ ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. తల్లిదండ్రులందరూ సంతకాలు చేసిన అంగీకారపత్రం నా దగ్గర ఉంది.

వాపసు మొత్తాన్ని మేము చెల్లించిన ఖాతాకే పంపండి. ఉదయపు సందర్శనకు మీరు ఒప్పుకుంటే, సంక్రాంతి సెలవుల రద్దీ తగ్గాక వచ్చే ఏదో ఒక శనివారం మాకు అనుకూలం.

ఇట్లు,
పిల్లల గ్రంథాలయ నిర్వాహకురాలు,
మల్కాజిగిరి

జతచేసినవి: చెల్లింపు రసీదు, మీ ఈమెయిల్ జవాబు ప్రతి, కరపత్రం, యాత్రరోజు గైడు ఇచ్చిన కార్యక్రమపత్రం.