తొమ్మిదో నెలలో పాలా? ఆగరా బాబూ!

ఒరేయ్ సూరీ,

ఫోన్ చేస్తే ఎత్తలేదు, అందుకే వెంటనే మెయిల్ రాస్తున్నా. గుర్రం కొన్నావని, అదీ చూడిగుర్రమని చదివి భలే సంబరపడ్డాను. కానీ చివర్లో రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. "తొమ్మిదో నెల పడింది, పొదుగు నిండింది, పాలు కూడా కారుతున్నాయి, ఇవాళో రేపో ఈనేస్తుంది" అని హుషారుగా రాశావు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకో. ముందు గుర్రాల సంగతి తెలిసిన డాక్టర్‌ని పిలిపించు.

నువ్వు ఆవుల మధ్య పెరిగినవాడివి, నీ లెక్క అలాగే ఉంటుంది. తొమ్మిది నెలలకి ఈనేది ఆవురా. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. సగటున 340 రోజులు. 320 నుంచి 365 దాకా ఎప్పుడు ఈనినా మామూలే. 320 రోజులలోపు పుడితే నెలలు నిండని పిల్ల కిందే లెక్క, 300లోపు అయితే బతకడం చాలా కష్టం. పొదుగు దిగడం మామూలుగా ఆఖరి నెలలో మొదలవుతుంది. చనుమొనల మీద మైనంలాంటి బొట్లు కట్టడం ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు మాట. నీ గుర్రానికి ఇప్పుడే పాలు కారుతున్నాయంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే.

ఎక్కువగా అది మాయకి, అంటే కడుపులో పిల్లని పోషించే పొరకి, పట్టిన ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది. బాక్టీరియా కింది నుంచి గర్భాశయ ముఖద్వారం దాటి పైకి పాకి, మాయ వాచేలా చేస్తుంది. తోక కింద తడి, చీములాంటి మరక ఏమైనా కనబడుతోందా చూడు. కనబడకపోయినా ధీమాగా ఉండకు, కొన్నిట్లో పొదుగు ఒక్కటే బయటపడే గుర్తు. డాక్టర్ స్కాన్ పెట్టి ముఖద్వారం దగ్గర మాయ ఎంత మందంగా ఉందో కొలుస్తారు, పిల్ల గుండె కొట్టుకోవడం చూస్తారు. యాంటీబయాటిక్స్, వాపు తగ్గే మందు, గర్భం నిలబెట్టే హార్మోన్ ఇస్తారు. త్వరగా మొదలుపెడితే పిల్ల దక్కే అవకాశం బాగానే ఉంటుంది.

రెండో అనుమానం కవలలు. ఆవుకి కవలలు పుడితే నువ్వు మురిసిపోతావు, గుర్రానికి మాత్రం అది గండం. గుర్రం మాయ గర్భాశయం లోపలి గోడంతా పరుచుకుని ఒక్క పిల్లని పోషిస్తుంది. ఇద్దరుంటే ఆ చోటుని పంచుకోవాల్సిందే, ఒకటి లోపలే పోతే రెండోదాన్నీ తీసుకుపోతుంది. అందుకే దాటించిన (మగగుర్రంతో కలిపిన) 14 నుంచి 16 రోజుల మధ్య స్కాన్ చేసి, రెండు కనిపిస్తే ఒకదాన్ని అప్పుడే తీసేస్తారు. నువ్వు చూడితో ఉన్నదాన్ని కొన్నావు కాబట్టి ఆ స్కాన్ జరిగిందో లేదో మనకి తెలీదు.

ఇంకో సంగతి. ఇప్పుడు కారిపోతున్నవి ముర్రుపాలు కావచ్చు. కడుపులో ఉండగా గుర్రప్పిల్లకి తల్లి రక్తం నుంచి రోగనిరోధక శక్తి అందదు, అదంతా ముర్రుపాలలోనే రావాలి. అదీ పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే, రోజు గడిస్తే పేగులు దాన్ని పీల్చుకోలేవు. కాబట్టి వేరే గుర్రం ముర్రుపాలు గడ్డకట్టించి దాచినవి దొరుకుతాయేమో డాక్టర్‌ని ఇప్పుడే అడిగి పెట్టు. పుట్టాక పిల్ల రక్తం పరీక్ష చేయించు, ఆ రోగనిరోధక శక్తి తక్కువుంటే ప్లాస్మా ఎక్కిస్తారు.

రోజులు దాటిపోతే నన్నడిగి టెన్షన్ పడతావని ముందే చెబుతున్నా. గుర్రం ఆరోగ్యంగా ఉండి, పొదుగు మెల్లగా దిగుతూ ఉంటే ఏడాది నిండినా కంగారు లేదు. నొప్పులు వచ్చే ఇంజెక్షన్ వేయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, పిల్ల బయట బతకడానికి సిద్ధమయ్యేది ఆఖరి రెండు మూడు రోజుల్లోనే. రోజులు దాటినా పొదుగు రాకపోతే మాత్రం మేత మీద అనుమానం పెట్టుకో. ఫెస్క్యూ గడ్డిలో ఉండే ఒక బూజు వల్ల పాలు పడవు, మాయ మందంగా తయారవుతుంది.

కడుపునొప్పితో పొర్లితే గ్యాస్ అని సరిపెట్టుకోకు, ఆఖరి నెలల్లో గర్భాశయం మెలిపడటం కూడా అలాగే ఉంటుంది. హెర్పిస్ వైరస్‌కి చూడి 5, 7, 9 నెలల్లో టీకా వేస్తారు. అది సోకితే నిండు చూలు పోతుంది, కొత్త గుర్రాలని దీని దగ్గరికి రానివ్వకు.

ఇక ఈనడం. ఇక్కడ నీ ఆవు అనుభవం అస్సలు వాడకు. ఆవు గంటల తరబడి నొప్పులు పడుతుంది, గుర్రం ఉమ్మనీరు పోయాక 20 నుంచి 30 నిమిషాల్లో ఈనేస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట. ముందు తెల్లగా మెరిసే పొర, అందులో ఒకదాని వెనక ఒకటి రెండు ముందు కాళ్లు, వాటి మీద ముక్కు కనిపించాలి. తెల్ల పొర బదులు ఎర్రగా ముఖ్‌మల్‌లాంటి సంచి బయటకొస్తే డాక్టర్ వచ్చేదాకా ఆగకు! మాయ ముందే ఊడిపోయిందన్నమాట, పిల్లకి గాలి అందదు. వెంటనే దాన్ని కోసి, తల్లి నొక్కేటప్పుడు పిల్లని కిందికి, మడమల వైపు లాగాలి. ఎలా కోయాలో డాక్టర్ చేత ముందే చూపించుకో.

పిల్ల గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. మాయ రాకపోతే తెల్లారేదాకా చూద్దాం అనకు, చేత్తో లాగను కూడా లాగకు. వేలాడే మాయని కింద ఈడ్చుకోకుండా ముడి వేసి డాక్టర్‌ని పిలువు. చిన్న ముక్క లోపల మిగిలినా విషం ఎక్కి డెక్కలు పాడైపోతాయి. పడిన మాయని పారేయకు, మొత్తం వచ్చిందో లేదో పరిచి చూడాలి.

అమ్మినాయనకి ఇవాళే ఫోన్ చేసి కొన్ని అడుగు. దాటించిన తేదీ కచ్చితంగా ఏది, కవలల స్కాన్ చేయించాడా, ఏ టీకాలు వేశాడు, ఇంతకు ముందు మాయ పడక ఇబ్బంది పడిందా. అన్నిటికంటే ముఖ్యంగా, మానానికి (పిల్ల బయటకొచ్చే ద్వారానికి) పై భాగంలో కుట్టు వేయించాడా అని అడుగు. ఇన్ఫెక్షన్ లోపలికి పోకుండా కొన్నిటికి అలా కుడతారు. ఉంటే ఈనే ముందు విప్పించాలి, లేకపోతే చీరుకుపోతుంది. డాక్టర్ ఏమన్నారో రాత్రికల్లా నాకు మెసేజ్ పెట్టు, ఎంత లేటైనా మెలకువగానే ఉంటా.

నీ
రఘు