మలయాళ సినిమా స్వర్ణయుగం నిన్న మొన్నటిది కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మలయాళ చిత్రాలపై వచ్చిన వ్యాసం చదివాను. ఓటీటీ వేదికల పుణ్యమా అని మలయాళ సినిమాకు ఇప్పుడు స్వర్ణయుగం మొదలైందన్నది ఆ వ్యాసం సారాంశం. ఇటీవలి చిత్రాలపై వ్యాసకర్తకున్న అభిమానాన్ని తప్పుపట్టను. నేనూ వాటిని ఇష్టంగా చూసేవాణ్ణే. కాని మలయాళీలు సాధారణంగా స్వర్ణయుగమని చెప్పుకొనేది 1980లను, వాటికి అటూ ఇటూ ఉన్న కొన్నేళ్లను. ఆ కాలం గురించి ఒక్క వాక్యమైనా కనబడకపోవడంతో ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

మలయాళ సినిమా ఆరంభం మాత్రం చేదుగానే జరిగింది. జె.సి. డేనియల్ తన ఆస్తులమ్మి తీసిన తొలి మూకీ 'విగతకుమారన్' ప్రదర్శన జరిగింది 1928లోనా, 1930లోనా అన్న వాదన ఇంకా తెగలేదు. అందులో నాయర్ స్త్రీ పాత్ర వేసిన దళిత నటి పి.కె. రోసీపై అగ్రవర్ణాలవారు విరుచుకుపడగా, ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. డేనియల్ మళ్లీ మరో చిత్రం తీయలేదు. 1938లో తొలి టాకీ 'బాలన్' వచ్చింది. దానిని తీసింది కేరళలో కాదు, సేలంలోని మోడరన్ థియేటర్స్ వారు. అటుపిమ్మట 1954లో, పి. భాస్కరన్, రాము కారియాట్ కలిసి తీసిన 'నీలక్కుయిల్'లో, దళిత యువతిని ప్రేమించి, కులానికి జడిసి ఆమెను వదిలేసిన ఉపాధ్యాయుడి కథ తెరకెక్కింది. రోసీని తరిమివేసిన నేలమీదనే పాతికేళ్లు తిరిగేసరికి ఆ కథకు జనం నీరాజనం పట్టారంటే, నడుమ అక్కడి సాహిత్యం, గ్రంథాలయోద్యమం, నాటకసమాజాలు ఎంత పని చేశాయో ఊహించవచ్చు.

తకళి శివశంకర పిళ్లె నవల ఆధారంగా రాము కారియాట్ 1965లో తీసిన 'చెమ్మీన్', రాష్ట్రపతి స్వర్ణ పతకం పొందిన తొలి దక్షిణాది చిత్రమని చాలామందికి తెలుసు. 'మాయాబజార్'లో వెన్నెలను ఆరబోసిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీయే ఆ చిత్రంలో కడలిని చూపించాడన్న సంగతి మాత్రం మనవారికి అంతగా గుర్తులేదు.

అదే 1965లో అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు తిరువనంతపురంలో 'చిత్రలేఖ' ఫిల్మ్ సొసైటీని నెలకొల్పారు. అసలు కథ ఇక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. ఊరూరా వెలసిన ఇటువంటి సొసైటీలు ప్రపంచ చిత్రాలను తెచ్చి చూపించి, ముందుగా ప్రేక్షకులను తయారుచేశాయి. దర్శకులు ఆ తరువాత వచ్చారు. 1972లో అడూర్ తొలి చిత్రం 'స్వయంవరం' ఉత్తమ చిత్రంగా, ఆయన ఉత్తమ దర్శకుడిగా, అందులో నటించిన మా తెనాలి శారద ఉత్తమ నటిగా జాతీయ పురస్కారాలు అందుకున్నారు. కొల్లం జీడిపప్పు వ్యాపారి కె. రవీంద్రన్ నాయర్ లాభాపేక్ష పక్కనబెట్టి దర్శకుడు అరవిందన్ చేత చిత్రాలు తీయించాడు. వాటిలో ఒకటైన 'కాంచన సీత'ను మన అడవుల్లోనే చిత్రీకరించి, చెంచు గిరిజనులను రామలక్ష్మణులుగా చూపారు; సీత పాత్రకు నటి లేదు, ప్రకృతే సీత. ఇక దర్శకుడు జాన్ అబ్రహాం మిత్రబృందమైతే ఊళ్లు తిరిగి, సినిమాలు చూపించి, చందాలు పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' తీసింది.

ఈ చిత్రాలు కొద్దిమంది చూసేవే అనుకున్నా, వాటి నీడన ఎదిగిన భరతన్, పద్మరాజన్, కె.జి. జార్జ్ వంటి దర్శకులు అదే నిజాయితీని జనం కిటకిటలాడే హాళ్లలోకి తీసుకువెళ్లారు. ఒక్క ఉదాహరణ చాలు. జార్జ్ 1982లో తీసిన 'యవనిక' (అంటే తెర; మాట మనకూ కొత్తది కాదు) ఊరూరా తిరిగే ఒక నాటక సమాజం కథ. తాగుబోతు తబలా వాద్యకారుడు కనబడకుండా పోతాడు. పోలీసు అధికారి వచ్చి ఒక్కొక్కరినీ ప్రశ్నించే కొద్దీ, రంగస్థలం వెనుక ఆ మనుషులు మోస్తున్న పేదరికం, భయం, అవమానం బయటపడతాయి. తబలా వాద్యకారుడిగా భరత్ గోపి నటన చూస్తే మన సురభి కళాకారుల జీవితాలు ఎరిగినవారెవరికైనా గుండె బరువెక్కుతుంది. నేరపరిశోధన కథలకు నేడు మలయాళ చిత్రాలను మెచ్చుకొనేవారు ముందుగా చూడవలసినది దీనినే.

ఆ రోజుల్లో మన పట్టణాల గోడలపై 'మలయాళ చిత్రం' అని కనబడితే పెద్దలు తలతిప్పుకొనేవారన్న మాట కూడా దాచనక్కరలేదు. ఉదయం ఆటలకు మన పంపిణీదారులు ఏరి తెచ్చినవి వేరే సరుకు. అసలైన చిత్రాలు మాకు దొరికింది దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ భాషా చిత్రాల పుణ్యాన. అదీ కరెంటు ఉన్న ఆదివారాల్లోనే.

1991లో పద్మరాజన్, అరవిందన్ కొద్ది వారాల తేడాతో మరణించారు. ఆ తరువాతి ఏళ్లలో ఆ జోరు తగ్గి, తారల ఆర్భాటం పెరిగి, 2010 తరువాత కొత్త తరం మళ్లీ పాత దారిని వెదుక్కుంది. నేటి చిత్రాలను మెచ్చుకొనే వ్యాసం ఆ దారి ఎవరు వేసినదో చెప్పకపోవడం నాకు లోటుగా తోచింది. వచ్చే ఆదివారం మరో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే, శారద అందుకున్న మూడు ఊర్వశి (జాతీయ ఉత్తమ నటి) పురస్కారాల్లో తెలుగు చిత్రం 'నిమజ్జనం'కు వచ్చినది ఒక్కటేననీ, తక్కిన రెండూ 'తులాభారం', 'స్వయంవరం' అనే మలయాళ చిత్రాలకు వచ్చినవేననీ అందులో చేర్చవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెనాలి