ఆ సంచి తోలుది కాదట

నమస్కారమండీ.

మా పెద్ద తోలు సంచికి ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్న వాళ్లందరికీ ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మీ సంచులు ఇంకా కుట్టడం మొదలుపెట్టలేదు. తోలు దొరక్క కాదు, పనివాళ్లు లేక కాదు. నేనే ఆపాను. ఎందుకు ఆపానో చెప్పాలంటే చాలా వెనక్కి, ఒక వీడియో క్యాసెట్ దాకా వెళ్లాలి. అంత ఓపిక లేనివాళ్లు చివరికి వెళ్లిపోండి, మీరు ఏం చేయాలో అక్కడ రాశాను.

ఈ సంచి ఆలోచన ఎక్కడిదని అడిగిన ప్రతివాళ్లకీ ఇన్నేళ్లూ ఒకటే జవాబు చెప్పాను: హాలీవుడ్ సాహస సినిమాల హీరో ఇండియానా జోన్స్ పక్కన వేలాడే సంచి. చిన్నప్పుడు చూశాను, మనసులో పడిపోయింది, పెద్దయ్యాక కుట్టాను. దుకాణానికి ఇంకా పేరు కూడా పెట్టకముందు కుట్టిన సంచి అది. మొన్న ఒక కస్టమరు మర్యాదగానే రాశారు: "ఏమీ అనుకోకండి, సినిమాలో ఆ సంచి తోలుది కాదు, గుడ్డది. పట్టీ ఒక్కటే తోలు." నాకు నవ్వొచ్చింది. ఈ విషయం నాకు చెప్పేదేంటి అనుకున్నాను. జవాబు టైప్ చేయబోతూ, ఎందుకైనా మంచిదని సినిమా పెట్టుకుని చూశాను.

ఆయన చెప్పిందే నిజం.

నేను మొదట చూసింది మొదటి భాగమే, 1981లో వచ్చిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'. థియేటర్లో కాదు. అది వచ్చిన చాలా ఏళ్లకి అన్నయ్య ఎవరినో బతిమాలి తెచ్చిన క్యాసెట్లో. అప్పట్లో నాకు ఇంగ్లీషు ముక్క రాదు. అవసరమూ పడలేదు, మొదట్లో మాటలే తక్కువ. అడవి, గుహ, వీపు మీద పాకే సాలీళ్లు, ఆఖర్న ఒక రాతి దిమ్మ, దాని మీద బంగారు బొమ్మ. జోన్స్ వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ దాని ముందు వంగుతాడు. వేళ్లు ఆడిస్తాడు. చేతిలో ఇసుక మూట ఉంటుంది. ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి మూట వైపు చూసి, బరువు ఎక్కువైందనిపించి కాస్త ఇసుక కింద పోసేస్తాడు. చటుక్కున బొమ్మ లాగి మూట పెడతాడు. ఏమీ జరగదు. హమ్మయ్య అని తిరుగుతాడో లేదో, దిమ్మ మెల్లగా కిందికి కుంగుతుంది.

ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో ఏ వస్తువూ ఉన్నచోట లేదు. గడియారం ఉండాల్సిన చోట ఇటుక ముక్క, ఇస్త్రీపెట్టె ఉండాల్సిన చోట చెప్పు. అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

ఇక హీరో వెనక పెద్ద రాతి గుండు దొర్లుకుంటూ వచ్చే సీను. దాన్ని రివైండ్ చేసి చేసి చూశాం, సరిగ్గా ఆ చోటే టేపు నలిగిపోయింది. గుండు కదలగానే తెర మీద అడ్డంగా తెల్ల గీతలు వచ్చేవి. గుండు దొర్లితే లేచిన దుమ్మనే చాలాకాలం అనుకున్నాం. తర్వాత ఎప్పుడో మంచి ప్రింటు చూసి, ఈ దుమ్మేమైందిరా అని ఇద్దరం వెతుక్కున్నాం.

నా పొరపాటుకి మూలం కూడా ఆ క్యాసెట్టే. అరిగిపోయిన టేపులో రంగులన్నీ కలిసిపోయి ఒకటే మట్టిరంగు. జాకెట్ తోలు, కొరడా తోలు, నడుముకి బెల్టు తోలు. పక్కన వేలాడే సంచి మాత్రం వేరే ఎందుకవుతుంది? మా కళ్లకి అదీ తోలే. ఆ వయసులో చూసింది మళ్లీ సరిచూసుకోవాలని తోచదు కదా. తర్వాత ఆ సినిమాలు ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ ఆ సంచిని తోలుదిగానే చూశాను. వృత్తి తోలుపని అయ్యుండి కూడా. అది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఇంతకీ అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ గ్యాస్ మాస్క్ సంచి, కాన్వాస్ గుడ్డతో కుట్టింది. దాని పట్టీ తీసేసి తోలు పట్టీ వేశారు. ఇందులో ఇంకో తమాషా ఉంది. కథ జరిగేది 1936లో, యుద్ధం మొదలైంది 1939లో. అంటే మన హీరో ఇంకా రాని యుద్ధం తాలూకు సంచిని ముందే తగిలించుకుని తిరుగుతున్నాడు. ఇది తెలిశాక నా తప్పు కాస్త చిన్నదిగా కనిపించిందని ఒప్పుకుంటాను.

రెండో భాగం 1984లోది. అందులో బతికున్న మనిషి గుండె పీకే సీను రాగానే అన్నయ్య టీవీ కట్టేశాడు, అది నా కోసం కాదని నాకు తెలుసు. అమెరికాలో కూడా ఇలాంటి సీన్ల మీద గోలయ్యే ఆ ఏడాది పీజీ-13 అని, పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని హెచ్చరించే కొత్త సర్టిఫికెట్ పెట్టారు. నాకు బాగా నచ్చింది మాత్రం మూడోది, 1989లో వచ్చినది. దాని మొదట్లో 1912 నాటి కుర్రాడు జోన్స్‌ని చూపిస్తారు. ఒక్క రైలు ఛేజింగ్‌లో అన్నీ తేల్చేస్తారు: పాములంటే భయం ఎందుకు, కొరడా మొదట ఎప్పుడు పట్టాడు, గడ్డం మీద ఆ గాటు ఏమిటి. టోపీ ఎవరు పెట్టారో కూడా ఆ వెంటనే చూపిస్తారు. సంచి గురించి ఒక్క ముక్క లేదు. స్పీల్‌బర్గ్ గారూ, లూకాస్ గారూ ఆ రోజు ఒక్క నిమిషం దాని మీద ఖర్చుపెట్టి ఉంటే నేనివాళ ఈ ఉత్తరం రాసే పనుండేది కాదు.

నిజానికి ఆ మొదటి సినిమాలో మేం ప్రాణం పెట్టి నమ్మినవేవీ అసలైనవి కావు. ఆ గుండు రాయి కాదు, ఫైబర్‌గ్లాస్. దాని గర్జన, ఇంజిన్ ఆపేసిన హోండా సివిక్ కారు కంకర మీద పల్లానికి దొర్లుతుంటే రికార్డు చేసిన చప్పుడు. గుంట నిండా పాములు పాకే శబ్దం కోసం సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ చీజ్ వంటకంలో వేళ్లు పెట్టి కెలికారట. చిన్నప్పుడు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే కొట్లాటకి దిగేవాణ్ని.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కొత్త సంచిని పాతదానిలా కనిపించేలా గీకి ఇమ్మని మీలో కొందరు అడుగుతుంటారు. మొదటి సినిమాకి డెబోరా నడూల్మన్ అనే కాస్ట్యూమ్ డిజైనర్ జాకెట్లని వైరు బ్రష్షుతో, చిన్న చాకుతో రుద్ది పాతబరిచారు. టోపీనైతే మెలిపెట్టి, నలిపి, దాని మీద కూర్చున్నారు. ఆమెకి షూటింగు తేదీ ముంచుకొస్తోంది. మీకు అలాంటి టెన్షన్ ఏమీ లేదు, వాడండి, అదే పాతబడుతుంది. గీకి ఇవ్వను. సినిమా పేరు సంచి మీద అచ్చు వేయమన్నా వేయను, ఆ పేరు నాది కాదు.

ఇప్పుడు అసలు ఒప్పుకోలు. మా తోలు సంచి ఖాళీగానే కిలోన్నర ఉంటుంది. భుజం లాగేస్తోందని చాలామంది రాశారు. సాహసాలు చేసేవాళ్ల సంచి అలాగే ఉంటుందని నేను సమాధానమిచ్చాను. ఒకరికైతే కొంచెం పొగరుగానే రాశాను, వారు ఇది చదువుతుంటే క్షమించాలి. మొన్న ఆ సంచి తగిలించుకుని మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాను. వెనక గుండు దొర్లుకుంటూ వస్తే ఆ సంచితో పది అడుగులు కూడా పోలేం.

అందుకే గుడ్డతో ఒకటి కుట్టి చూశాను. తోలుకి అలవాటైన చేతికి కాన్వాస్ విసుగే. తోలుని కోస్తే అంచు కోసినట్టే ఉంటుంది. ఇది కత్తెర పెట్టగానే పీచులు పీచులుగా విడిపోతుంది, ప్రతి అంచూ రెండు మడతలు వేసి కుట్టాలి. మొదటి సంచి తయారయ్యాక నిండా పుస్తకాలు కుక్కి గోడమేకుకి తగిలించాను. మూడో రోజు పొద్దున చూస్తే కింద పడి ఉంది. పట్టీకి ఏమీ కాలేదు, బకిల్ బాగానే ఉంది. పట్టీని సంచికి బిగించే రివెట్ మాత్రం గుడ్డని గుండ్రంగా చింపుకుని ఊడొచ్చింది. ఇప్పుడు రివెట్ పడే చోట లోపలివైపు అరచేతి వెడల్పు తోలు ముక్క వేసి, చుట్టూ మైనం పట్టించిన దారంతో చేత్తో కుడుతున్నాను. రెండో సంచి అదే మేకుకి, అవే పుస్తకాలతో, పదిహేను రోజులుగా వేలాడుతోంది.

ఇక మీరు చేయాల్సింది. తోలు సంచికి ఇప్పటికే ఆర్డరిచ్చినవాళ్లు మూడింట్లో ఏదైనా కోరుకోవచ్చు. తోలుదే కావాలంటే కుట్టి ఇస్తాను, నెల పడుతుంది. ఆ తర్వాత ఇక కుట్టను. గుడ్డ సంచికి మారితే ఆరు వారాలు పడుతుంది, తేడా సొమ్ము వెనక్కి పంపుతాను. ఏదీ వద్దంటే మొత్తం వాపసు, కారణం చెప్పక్కర్లేదు. ఆర్డరు నంబరు రాసి ఒక్క మాట పంపితే చాలు. పాత సంచి వాడుతున్నవాళ్లు భుజం దగ్గర వెడల్పు పట్టీ వేయించుకోవాలంటే పంపండి, దానికి డబ్బు తీసుకోను.

నిన్న రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అది గుడ్డదని నేను అప్పుడే అన్నానురా, నువ్వే వినలేదు" అన్నాడు.

అనలేదండీ. నాకు బాగా గుర్తుంది.