బండి పెట్రోలు ట్యాంకుల మీద క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక పూత) లేవడం గురించి, కొత్త డెలివరీ గడువు గురించి

ఈ ముసుర్లో బండి ట్యాంకుల మీద శంఖుచక్రాలు, గరుత్మంతుడి బొమ్మలు వేయించుకున్న కొందరు రెండు లోపాలు చూపించారు. తెల్ల నామం మీద పొగలాంటి మసక వచ్చింది, ట్యాంకు మూత చుట్టూ క్లియర్ లేచింది. తప్పు మాదే. అవి తెచ్చివ్వండి, డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిస్తాం.

మసకకు కారణం తేమ. రంగును పలుచన చేసే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడుతుంది, గాలిలోని తేమ ఆరని రంగు మీదే దిగి తెల్లబారుస్తుంది. దానికితోడు రంగు కొట్టే గన్‌కి గాలినిచ్చే కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీరు గొట్టంలోంచి చుక్కలుగా గన్‌లోకి వచ్చేది. ఇప్పుడు గన్‌కి దగ్గర్లోనే నీటి ఫిల్టర్ పెట్టాం, రోజూ సాయంత్రం కంప్రెసర్ నీళ్లు వదిలేస్తున్నాం. తేమ 80 శాతం దాటితే క్లియర్ కొట్టం. నెమ్మదిగా ఆవిరయ్యే స్లో థిన్నర్‌తో సర్దుకోవచ్చు గానీ, ఆరడం ఆలస్యమై దుమ్ము పడుతుంది.

క్లియర్ లేవడం వేరే సంగతి. మూత అంచున వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) సరిగా ఆడలేదు, నున్నటి చోట రంగు పట్టదు. తెలుపు చిక్కగా ఉంటుంది కాబట్టి గన్ మూతికి ఉండే 0.3 మి.మీ. నాజిల్‌లో ఇరుక్కుంటుందని మందంగా కొట్టేశాం. లోపల థిన్నర్ మిగిలి ఉండగానే పైన క్లియర్ పడింది. ఇకపై తెలుపును వడగట్టి, 0.5 నాజిల్‌తో, పాలంత పలుచగా, 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర మూడు నాలుగు పలుచని కోట్లు వేస్తాం. కోటుకీ కోటుకీ మధ్య పావుగంట ఆగుతాం. సన్న గీతలకి మాత్రం 0.3 నాజిలే, 15 నుంచి 20 పీఎస్‌ఐ, రేకుకి రెండు మూడు సెంటీమీటర్ల దూరం. గన్ ఇంకా దగ్గరికి పోతే, రంగు మరీ నీరైతే, గీత సాలీడు కాళ్లలా చెదిరిపోతుంది.

జీఐ (జింకు పూత వేసిన ఇనుము) గేట్ల పనికి అడుగుతున్నవాళ్లకి ఒక మాట: జింకు మీద నేరుగా ఎనామిల్ వేయమనకండి. ఏడాది తిరక్కముందే పెచ్చులుగా రాలుతుంది. కింద ఎపాక్సీ ప్రైమర్ (రంగు పట్టేలా ముందుగా వేసే పూత) ఉంటేనే పని ఒప్పుకుంటాం.

ట్యాంకు ఇచ్చే ముందు పెట్రోలు మొత్తం తీసేయండి, అందులో ఆవిరి మిగిలినా మాకు ప్రమాదమే. సిలికాన్ పాలిష్ ఎప్పుడైనా రుద్ది ఉంటే తప్పకుండా చెప్పండి, లేకపోతే రంగు చేపకళ్లలా విడిపోతుంది.

నాలుగు రోజుల పని ఇకపై పది రోజులు పడుతుంది. రేటు మారదు. తీసుకెళ్లాక వారం పాటు ట్యాంకు కవర్ వేయకండి, పాలిష్ పెట్టకండి. పెట్రోలు ఒలికితే వెంటనే మెత్తటి గుడ్డతో ఒత్తి తీయండి, రుద్దకండి.