జీలుగ విత్తనం జూన్‌లో వస్తే ఏం చేసుకోవాలి, మంత్రి గారూ?

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను జనగామ జిల్లాలో బోరు కింద నాలుగెకరాల వరి వేసే రైతును. మా మట్టి పరీక్ష కార్డు పాసుబుక్కు కవర్లో భద్రంగా ఉంది. భాస్వరం ఎక్కువ, జింకు తక్కువ, నేలకు సత్తువనిచ్చే సేంద్రియ కర్బనం 0.4 శాతం. అర శాతం కూడా లేదు. కార్డు చెప్పకముందే ఆ సంగతి మాకు తెలుసు. మా నాయన దున్నినప్పుడు పిడికిట్లో పొడిపొడిగా రాలిన నేల, ఇప్పుడు యాసంగి కోతయ్యాక ట్రాక్టరు దిగితే పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది.

45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. భాస్వరం ఉండే డీఏపీ బస్తా 1350. 2010లో పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టినప్పుడు యూరియాను అందులో కలపలేదు, అందుకే అది చౌకగా ఉండిపోయింది. ఏది చౌకయితే అదే చల్లుతున్నాం. అది ఢిల్లీ చేతిలోది, మిమ్మల్ని అడగను. నాటేసిన ఇరవై రోజులకు ఆకు మీద తుప్పు మచ్చలు కనబడితే, అది జింకు లోపమని తెలియక ఇంకో బస్తా యూరియా గుమ్మరించిన తప్పు మాత్రం నాదే.

మీ చేతిలో ఉన్నది జీలుగ, అంటే నేల సత్తువ కోసం పెంచి మడిలోనే దున్నేసే పచ్చిరొట్ట పైరు. ఎకరాకు పదిపన్నెండు కిలోలు చల్లి, 45 రోజులకు పూత పట్టే వేళ కలియదున్నాలి. జూలై రెండో వారంలో నాట్లు పడాలంటే మే మూడో వారంకల్లా విత్తనం మడిలో ఉండాలి. నిరుడు మాకు సబ్సిడీ విత్తనం అందింది జూన్ మూడో వారంలో. అది మోకాలెత్తు రాకముందే నారు ముదిరింది, ఆ లేత మొక్కలనే తొక్కించేశాం. మా పక్క చేను ఆయన అసలు తీసుకోనే లేదు. తెలివైనవాడు.

ఇంకొకటి చెరువు మట్టి. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైన 2015లో ఒక్క మడికి తోలించాను. తవ్వకం సర్కారుది, ట్రాక్టరు కిరాయి నాది. ఆ మడిలో ఇప్పటికీ తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. మిగతా మూడెకరాలకు తోలించే శక్తి లేక ఆగిపోయాను. కిరాయిలో సగం మీరు భరించండి. డబ్బెక్కడిదంటారా? రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీలో సగం ఇస్తామని 2023లో పీఎం ప్రణామ్ పథకం పెట్టింది కేంద్రమే కదా.

మే 15కు జీలుగ మా ఊరికి వస్తుందో రాదో ఏప్రిల్‌లోనే చెప్పించండి. రాదంటే అప్పో సప్పో చేసి బయట కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒక వరి రైతు, జనగామ జిల్లా