ఆ కుర్రవాళ్లకు మాత్ర కాదు, మాట కావాలి

నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

కోవూరులో మందుల దుకాణం నడుపుతున్నాను. రాత్రి తొమ్మిదిన్నర దాటాక, అందరూ వెళ్లేదాకా గల్లా పక్కనే నిలబడి, "అన్నా, ఆ మాత్ర..." అని గొంతు తగ్గించి అంగస్తంభన మాత్ర అడిగే కుర్రవాళ్లు ఎక్కువయ్యారు. మొన్న వచ్చినవాడికి 22 ఏళ్లు. పెళ్లై మూడు నెలలు. చీటీ లేకుండా ఇవ్వనని చెప్పి కూర్చోబెట్టాను. పదో తరగతి నుంచి రోజూ ఫోనులో బూతు వీడియోలేనట. భార్య దగ్గర ఒళ్లు స్పందించడం లేదని ఏడ్చేశాడు. అతని చేతిలో మంచినీళ్ల గ్లాసు వణుకుతూనే ఉంది.

2014లో బెర్లిన్ పరిశోధకులు 64 మంది పురుషుల మెదళ్లను పరీక్షించారు. బూతు వీడియోలు ఎక్కువగా చూసేవారిలో, సుఖానుభూతికీ ప్రేరణకూ సంబంధించిన స్ట్రయాటమ్‌లో ఒకచోట బూడిదరంగు పదార్థం (నాడీకణాలు ఎక్కువగా ఉండే భాగం) తక్కువగా కనిపించింది. చూడటం వల్లే తగ్గిందా, ముందే తక్కువగా ఉందా అన్నది వారు తేల్చలేదు. అందుకే, "మెదడు పాడైపోతుంది" అని పిల్లలను బెదిరించే ప్రసంగాలు వద్దండీ. భయపడినవాడు నాటు వైద్యుల గోడ ప్రకటనల వెంటే పోతాడు. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో రుగ్మతగానే చేర్చింది. రుగ్మత అంటే చికిత్స ఉండాలి కదా!

వారానికి ఒక సాయంత్రం ప్రభుత్వాసుపత్రిలో తలుపు మూసిన గదిలో మానసిక వైద్యుడిని కూర్చోబెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పోస్టర్లు పంపించండి. నా గల్లా మీద నేనే అతికిస్తాను.