ఆ ఫారంలో గోవా ట్రిప్ రాయాలా వద్దా

ఒరేయ్ సుబ్బూ,

ఎలా ఉన్నావ్ రా. వారం నుంచి రిప్లై ఇవ్వట్లేదని తిట్టుకుంటూ ఉండి ఉంటావ్, కానీ ఇది ఫోన్లో రెండు ముక్కలు కొట్టే విషయం కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

మా షుగర్ మాత్రల మీద రాసిన పరిశోధన పేపర్ ఉంది కదా, దాన్ని మొత్తానికి జర్నల్‌కి పంపే టైమొచ్చింది. అంతా అప్‌లోడ్ చేశాక ఒక ఫారం అడిగారు రా, ఆథర్లు ఎవరిది వాళ్ళే నింపాలట. 13 ప్రశ్నలు. ఈ పనికి డబ్బులెవరిచ్చారు, గ్రాంట్లున్నాయా, కన్సల్టెన్సీ ఫీజు తీసుకున్నావా, లెక్చరిస్తే ఎవరైనా డబ్బులిచ్చారా, కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పి ఫీజు తీసుకున్నావా, పేటెంట్లు, షేర్లు... చాలావాటికి గత 36 నెలల లెక్క చెప్పాలి. నాకేముంటాయ్ రా షేర్లు, హాయిగా లేదు లేదు లేదు అని టిక్కులు కొట్టుకుంటూ పోతున్నా, ఏడో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. మీటింగులకి వెళ్ళడానికి ఎవరైనా ప్రయాణ ఖర్చులు పెట్టుకున్నారా అని.

గోవా!

గుర్తుందా, నీకు బీచ్ ఫోటోలు పంపి ఏడిపించా. ఆ ఫ్లైట్ టికెట్టూ హోటలూ ఎవరు పెట్టుకున్నారనుకున్నావ్, ఈ మాత్ర తయారుచేసే కంపెనీ వాళ్ళే. పేరెందుకులే. వెళ్ళొచ్చి సరిగ్గా 30 నెలలు.

మా సార్‌ని, పేపర్లో ఆయనా ఆథరే, అడిగితే ఏమన్నారో తెలుసా, "ఎందుకయ్యా అనవసరంగా, పేపర్ చదివి తీర్పు చెప్పే రివ్యూయర్‌కి అనుమానం వస్తుంది, లేదు అని కొట్టెయ్. అంత భయమైతే ఆర్నెల్లు ఆగి పంపుదాం, అప్పటికి 36 దాటిపోతుంది" అన్నారు. ఆ లెక్క అంత చటుక్కున ఎలా వేశారా అనుకున్నా.

నాక్కూడా మొదట్లో చిరాకే వేసింది రా, వీళ్ళెవరు నన్ను దొంగని చూసినట్టు చూడ్డానికి అని. తర్వాత మా బాబాయ్ ప్లాట్ గొడవ గుర్తొచ్చింది. శంషాబాద్ వైపు వెంచర్, బంగారం లాంటి స్థలం, ఇప్పుడు కొనకపోతే జన్మలో కొనలేవు అని నాన్న చేత అడ్వాన్స్ కట్టించాడు, ఆ వెంచర్లో ఆయనకి కమీషన్ ఉందని ఏడాది తర్వాత తెలిసింది. ప్లాట్ బాగానే ఉంది, రేటు కూడా పెరిగింది, అయినా నాన్న ఈరోజుకీ ఆయనతో సరిగ్గా మాట్లాడడు. "ముందే చెప్పుంటే ఆ లెక్కన వినేవాణ్ణి కదరా" అంటాడు. ఈ ఫారం అడిగేదీ అంతే. నువ్వు అబద్ధం రాశావా అని కాదు, చదివేవాడు నీ మాట ఏ లెక్కన వినాలి అని.

ఇక నా సంగతి తెలుసు కదా, ఒకటి పట్టుకుంటే వదలను, రెండు రాత్రులు ఇదే చదివా. పంచదార కథ విన్నావా? 1960ల్లో అమెరికాలో గుండె జబ్బులకి కారణం కొవ్వా పంచదారా అని పెద్ద వాదన నడుస్తోంది. అక్కడి పంచదార కంపెనీల సంఘం, షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ అని, హార్వర్డ్ ప్రొఫెసర్లకి 6,500 డాలర్లిచ్చి ఒక రివ్యూ, అంటే అప్పటిదాకా వచ్చిన పేపర్లు చూసి తేల్చి చెప్పే వ్యాసం, రాయించుకుంది, 2016 లెక్కలో 50 వేల డాలర్ల దాకా అవుతుంది. ఏ పేపర్లు చూడాలో వాళ్ళే ఇచ్చారు, డ్రాఫ్టులు వాళ్ళే ముందు చదివారు, మాకు కావల్సింది సరిగ్గా ఇదే అని ఉత్తరం కూడా రాశారు. అది 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, తప్పంతా కొవ్వుదే, పంచదార మీద ఆధారాలు బలహీనం అని. డబ్బిచ్చిన మిగతావాళ్ళ పేర్లు వేశారు కానీ పంచదార వాళ్ళ పేరు మాత్రం లేదు! ఆ ఉత్తరాలు పాత కాగితాల్లోంచి తవ్వి 2016లో బయటపెట్టిన టీమ్‌లో ముందున్నావిడ క్రిస్టిన్ కెర్న్స్, డెంటిస్టు. పళ్ళ డాక్టరుకి పంచదార మీద ఆ మాత్రం పగ ఉంటుందిలే.

అయితే ఒకటుంది రా, అప్పట్లో వాళ్ళు ఏ రూలూ తప్పలేదు. ఆ జర్నల్ ఇలాంటివి చెప్పమని అడగడం మొదలుపెట్టిందే 1984లో. 1990లో ఇంకా బిగించారు, ఎడిటోరియల్సూ రివ్యూలూ రాసేవాళ్ళకి ఆ కంపెనీలతో డబ్బు సంబంధమే ఉండకూడదని. చివరికేమైందో తెలుసా, అలాంటి నిపుణులు దొరక్క 2002లో మళ్ళీ సడలించుకున్నారు, ఏడాదికి 10,000 డాలర్ల లోపైతే పర్లేదని. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు.

వేక్‌ఫీల్డ్ సంగతి నీకు తెలిసిందే, 1998లో లాన్సెట్ జర్నల్‌లో 12 మంది పిల్లల మీద పేపరేసి, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టి లోకాన్ని భయపెట్టినాయన. టీకా కంపెనీల మీద కేసు వెయ్యబోతున్న లాయర్ దగ్గర్నుంచి ఆయనకి డబ్బులొస్తున్నాయని 2004లో బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు రాసేదాకా చదివినవాళ్ళకి తెలీదు. పేపర్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది 2010లో. ఆ ఫారంలో కోర్టు సాక్ష్యం ప్రశ్న చూసి ఇదెవడికుంటుంది అని నవ్వుకున్నా, ఇలాంటివాళ్ళకుంటుందన్నమాట.

ఇంకోటి, మా నాన్న వేసుకునే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఉంది కదా, ఆ జాతి మందులు మంచివా కాదా అని గొడవ జరుగుతున్నప్పుడు, ఎవరెవరు ఏ పక్కన రాశారో కొందరు పరిశోధకులు లెక్క చూశారు, 1998లో. మంచివని రాసినవాళ్ళలో 96 శాతం మందికి ఆ కంపెనీలతో డబ్బు సంబంధాలున్నాయి, మధ్యస్థంగా రాసినవాళ్ళలో 60, వద్దన్నవాళ్ళలో 37. మందు చెడ్డదని కాదు రా, నాన్న ఇప్పటికీ అదే వేసుకుంటున్నాడు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఫారం ఆథర్లు నింపితే సరిపోయిందా, జర్నల్ లోపలివాళ్ళ సంగతేంటి? కోవిడ్ టైంలో ఆ జబ్బుకి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు పనిచేస్తుందన్న పేపర్, ఫ్రాన్స్ వాళ్ళది, 36 మంది రోగులతో. 2020 మార్చి 16న పంపితే 17న ఓకే అయిపోయింది, ఒక్క రోజు! ఆ జర్నల్ ఎడిటర్ ఆ పేపర్ ఆథర్లలో ఒకడు. ఆ నిర్ణయంలో ఆయన చెయ్యి లేదనే చెప్పారు, ఉండకపోవచ్చు కూడా, కానీ నా పేపర్ మీద ఆర్నెల్లు కూర్చునేవాళ్ళు తలుచుకుంటే ఇలా కూడా చెయ్యగలరన్నమాట. 2024 డిసెంబర్లో వెనక్కి తీసుకున్నారులే.

పైగా ఈ ఫారం అంతా నమ్మకం మీదే నడుస్తుంది. అమెరికాలో అయితే ఏ డాక్టర్‌కి ఏ కంపెనీ ఎంతిచ్చిందో పేరు కొట్టి చూసుకోవచ్చు, 2018లో న్యూయార్క్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ముఖ్య వైద్యాధికారి రాజీనామా చెయ్యాల్సొచ్చింది అలాగే, తీసుకున్న డబ్బు సంగతి తన పరిశోధన పేపర్లలో చెప్పలేదని. మన దగ్గర అలా వెతుక్కోవడానికి ఏమీ లేదు, నేను లేదు అని కొడితే లేదు అంతే. అదే నన్ను ఎక్కువ పీకింది.

మొన్న రాత్రి రాసేశా రా. కంపెనీ పేరు, టికెట్, మూడు రోజుల హోటల్, అన్నీ. పొద్దున్నే సార్‌కి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లిగా "అయితే నేను కూడా రాయాలిగా" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు, గోవాలో నా పక్క రూం ఎవరిదనుకున్నావ్!

నా ఫారం వెళ్ళిపోయింది. సార్‌ది రావాలి, ఆయనది లేకుండా జర్నల్ వాళ్ళు ముందుకి కదలరు, ఇవాళ్టికి మూడో రోజు. రోజూ కారిడార్లో ఎదురైతే ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం.

సంక్రాంతికి వస్తున్నావా లేదా అది చెప్పు ముందు. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు.

నీ
రాజుగాడు